ఆకు తిప్పి చూసే మనిషి

పాలీహౌస్‌లో ఏ పనికి ఎంత కూలి అని అడిగితే లెక్క చకచకా చెప్పేస్తారు. బెడ్లు చేసినందుకు ఇంత, నారు నాటినందుకు ఇంత, తీగలకు దారం కట్టినందుకు ఇంత, పూలు కోసినందుకు ఇంత, మందు కొట్టినందుకు ఇంత. మందు కొట్టాలో అక్కర్లేదో చూసి చెప్పినందుకు ఎంత అని అడిగితే మాత్రం ఆ పద్దు ఎక్కడా కనపడదు. చూడటం కూడా ఒక పనేనా, వస్తూ పోతూ చూస్తూనే ఉంటాం కదా అంటారు. ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది ఆ లేని పద్దు గురించి. గ్రీన్‌హౌస్‌లో పైరు ఆరోగ్యాన్ని వరస తప్పకుండా చూసి, లెక్క రాసి, యజమానికి చెప్పే సహాయకుడి పని అక్కడ జరిగే పనులన్నిట్లోకీ తక్కువ ఖర్చుతో ఎక్కువ పంటను కాపాడుతుంది. అందుకని దానికంటూ ఒక వేళ, ఒక కూలి, ఒక పుస్తకం ఉండాలి; చెప్పిన మాటకు విలువ ఉండాలి. పాలీహౌస్ సాగు ముందుగా బాగుపడిన దేశాల్లో ఈ పని చేసేవాళ్లను స్కౌట్లు అంటారు. మనం తనిఖీ సహాయకులు అనుకుందాం.

ఆరుబయట చేలో లేని అవసరం పాలీహౌస్‌లో ఎందుకొచ్చిందన్నది ముందు చూడాలి. బయట పైరుకు అడగకుండానే కాపలా కాసేవాళ్లు చాలామంది ఉంటారు. జడివాన కొడితే ఆకు మీది నల్లి, పేనుబంక చాలావరకు కొట్టుకుపోతాయి. అక్షింతల పురుగులు, సాలీళ్లు, పిట్టలు తమ వంతు తింటాయి. పైన ప్లాస్టిక్ కప్పి, పక్కల సన్నకన్ను వల కట్టిన ఇంట్లో వాన పడదు, గాలి తక్కువ, మిత్రపురుగులు లోపలికి రావు. నారుతోనో, బట్టల మీదో, తెరిచి ఉంచిన తలుపులోంచో ఒక్క శత్రుపురుగు లోపలికి వచ్చిందంటే దానికి అడ్డు లేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం. ఎర్రనల్లినే తీసుకోండి. ముప్పై డిగ్రీల వేడిలో దాని గుడ్డు పది రోజుల లోపే పెద్ద పురుగవుతుంది. ఒక్క ఆడ నల్లి జీవితకాలంలో నూరు గుడ్ల దాకా పెడుతుంది. ఆ నూరులో ఇరవై మాత్రమే బతికి మళ్లీ గుడ్లు పెట్టాయనుకుందాం. పది రోజులకు 20, ఇరవై రోజులకు 400, నెలకు 8,000. ఇది కాగితం మీది లెక్కే, ఏ తోటలోనూ ఇంత నున్నగా సాగదు. అయినా వారానికి రెండుసార్లు చూసేవాడికీ, ఆకులు ఎర్రబారాక చూసేవాడికీ మధ్య తేడా ఎంతో దీన్నిబట్టి తెలుస్తుంది. మొదటివాడికి రెండు మూడు మొక్కల సమస్య కనపడుతుంది. రెండోవాడికి ఇల్లంతా కనపడుతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

ఇంతకీ ఆ చూడటం ఎలా ఉంటుంది? క్యాప్సికం వేసిన ఇంటిని ఊహించుకోండి. సహాయకుడు పొద్దున్నే, ఎండ ముదరక ముందే లోపలికి వెళ్తాడు. పసుపు చొక్కా వేసుకోడు, ఎందుకంటే తెల్లదోమకూ పేనుబంకకూ పసుపు రంగంటే ఇష్టం. అవి చొక్కాకు అంటుకుని ఇంకో ఇంటికి ప్రయాణం చేస్తాయి. బీడీ, ఖైనీ ముట్టిన చేతులైతే సబ్బుతో రుద్ది కడుక్కుంటాడు. పొగాకులో ఉండే మొజాయిక్ వైరస్ చేతుల మీదుగా టమాటకూ క్యాప్సికానికీ అంటుతుంది. ఒకటి కంటే ఎక్కువ ఇళ్లు చూడాల్సి ఉంటే లేతపైరున్న ఇల్లు ముందు, తెగులు అనుమానమున్న ఇల్లు ఆఖరున. లోపల అడ్డదిడ్డంగా తిరగడు. తలుపు పక్క, వల అంచు వెంట, ఎండ ఎక్కువ తగిలే చివర, నీరు కారే చోట తప్పకుండా ఆగుతాడు. మధ్య వరసల్లో వంకర టింకరగా నడుస్తూ కొన్ని మొక్కల్ని ఎంచుకుంటాడు. ప్రతి మొక్కలోనూ పైన ఒక లేతాకు, నడిమిన ఒకటి, కింద ఒక ముదురాకు తిప్పి చూస్తాడు. పై వైపు సూదితో గుచ్చినట్టు తెల్లని చుక్కలుంటే, అడుగు వైపు పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం పెడతాడు. దుమ్మనుకున్నది కదులుతుంది, లేత రంగు ఒంటి మీద చెరో పక్క నల్లమచ్చ, పక్కన గాజుపూసల్లాంటి గుండ్రటి గుడ్లు. అది ఎర్రనల్లి. తర్వాత ఒక పువ్వును తెల్లకాగితం మీద తడతాడు. సన్నని గడ్డిపరక ముక్కల్లాంటివి నాలుగు అటూ ఇటూ పరుగెత్తితే తామర పురుగులు. కాండం మీద చీమలు బారు కట్టి ఎక్కుతుంటే వాటిని చీమలని వదిలేయడు. పైన ఎక్కడో పేనుబంక తేనెజిగురు కారుస్తోందని అర్థం. ఆ మొక్కకు రంగు రిబ్బను కట్టి, బెడ్డు నంబరు, మొక్క నంబరు, ఎన్ని కనపడ్డాయో పుస్తకంలో రాస్తాడు.

ఇదంతా ఓపిక ఉంటే చాలు అనిపించే పని. కానీ ఓపికతో పాటు గుర్తుపట్టే నేర్పు కావాలి. మిర్చి రైతుకు పై ముడత, కింది ముడత తేడా బాగా తెలుసు. ఆకు అంచులు పైకి ముడిచి పడవలా అయితే తామర పురుగు, కిందికి ముడిచి బోర్లించిన పడవలా అయితే నల్లి. మిర్చికి క్యాప్సికం చుట్టమే కాబట్టి ఈ గుర్తు అక్కడా పనికొస్తుంది. ఆకు చిన్నదై, ముడతపడి, మొక్క గిడసబారితే అది తెల్లదోమ మోసుకొచ్చిన బొబ్బర తెగులు కావచ్చు. అప్పుడు ఆ మొక్కను పీకి సంచిలో మూసి బయటపడేయడం తప్ప దాన్ని బాగుచేసే మందు లేదు. టమాట ఆకులో పాము పాకినట్టు వంకర గీత ఉంటే ఆకు తొలిచే ఈగ పిల్ల పని. గీత కాకుండా వెడల్పుగా పొరలేచిన మచ్చ ఉంటే టూటా పురుగు అని అనుమానించాలి. కింది ముదురాకుల్లో ఈనెల మధ్య పసుపు కనపడితే మెగ్నీషియం చాలకపోవచ్చు, పై లేతాకుల్లో కనపడితే ఇనుము చాలకపోవచ్చు. నీళ్లున్నా మధ్యాహ్నం పూట కొన్ని మొక్కలే వాడిపోతుంటే ఒకదాన్ని పీకి వేళ్లు చూడాలి; ముడులు ముడులుగా ఉబ్బి ఉంటే నులిపురుగులు. ఇన్ని రోగాలకూ పైనుంచి చూసేవాడి కంటికి కనపడేది ఒకటే, 'పైరు కళ తప్పింది' అని. ఆ ఒక్క మాట పట్టుకుని దుకాణానికి వెళ్తే వచ్చేది ఏదో ఒక మందు. పురుగు మందులు చాలావాటికి నల్లి చావదు. సింథటిక్ పైరిథ్రాయిడ్ రకం మందులైతే నల్లిని తినే మిత్రులను చంపి, నల్లిని మరింత పెంచుతాయి. తప్పు గుర్తింపు వల్ల మందు డబ్బుతో పాటు నయం చేసుకోగలిగిన పది రోజులు కూడా పోతాయి.

చూసింది రాయడం ఎందుకు, చెబితే చాలదా అని ఒక ప్రశ్న వస్తుంది. 1959లో కాలిఫోర్నియాకు చెందిన స్టెర్న్, స్మిత్, వాన్ డెన్ బాష్, హేగెన్ అనే నలుగురు కీటక శాస్త్రవేత్తలు ఒక వ్యాసంలో పెట్టిన ఆలోచన మీదే ఇవాళ్టి సమగ్ర సస్యరక్షణ నిలబడి ఉంది. పురుగు కనపడగానే మందు కొట్టనక్కర్లేదు, అది చేయబోయే నష్టం మందు ఖర్చును మించేలా పెరుగుతున్నప్పుడే కొట్టాలి అన్నది దాని సారం. ఆ హద్దు దాటిందో లేదో తెలియాలంటే ఒక్కరోజు అంకె సరిపోదు. ఎగిరే పురుగుల్ని పట్టడానికి కట్టిన జిగురు అట్ట మీద పోయిన సోమవారం 6, గురువారం 9, ఈ సోమవారం 31 అని వరసగా ఉంటేనే పెరుగుదల తెలుస్తుంది. మందు కొట్టాక 31 కాస్తా 5 అయితే పనిచేసినట్టు, 28 దగ్గరే ఆగితే ఆ మందుకు పురుగు అలవాటుపడిందేమో అని అనుమానించాలి. ఎర్రనల్లి ఇప్పటికి 90కి పైగా మందులకు తట్టుకునే శక్తి తెచ్చుకుందని ప్రపంచవ్యాప్తంగా నమోదైంది. పుస్తకం లేని చోట ఈ సంగతి రైతుకు తెలిసేసరికి మూడో డబ్బా కూడా ఖాళీ అవుతుంది.

చూసే కన్ను ఎంత మార్చగలదో చరిత్రలోనూ దాఖలాలున్నాయి. 1926లో ఇంగ్లండులో ఒక టమాట సాగుదారు తెల్లదోమ పిల్లల్లో కొన్ని తెల్లగా కాకుండా నల్లగా ఉండటం గమనించి, స్పేయర్ అనే కీటక శాస్త్రవేత్తకు చూపించాడు. ఆ నల్లటివాటిలోంచి ఎన్‌కార్సియా అనే చిన్న కందిరీగ బయటికొచ్చింది. తెల్లదోమ పిల్లలోనే గుడ్డు పెట్టి దాన్ని లోపలినుంచి తినే పురుగది. కొన్నేళ్లకే చెషంట్ పరిశోధన కేంద్రం ఏడాదికి 15 లక్షల కందిరీగల్ని పెంచి 800 నర్సరీలకు పంపింది. రంగు తేడా కదా అని ఆ మనిషి దాటేసి ఉంటే ఆ కథే లేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కొత్త రసాయనాల మోజులో ఆ పద్ధతి మూలపడింది. మందులకు పురుగులు అలవాటుపడ్డాక మళ్లీ తిరిగొచ్చింది. 1950ల చివర్లో చిలీ నుంచి జర్మనీకి వచ్చిన ఆర్కిడ్ మొక్కల మీద, ఎర్రనల్లిని తినే ఇంకో నల్లి కనపడింది. నెదర్లాండ్స్‌లో మందులు ఒంటికి పడక ఇబ్బందిపడుతున్న యాన్ కోపర్ట్ అనే దోసకాయల రైతు 1967లో దాన్ని తన తోటలో వదిలి, తర్వాత మిత్రపురుగుల్ని పెంచి అమ్మడమే వ్యాపారంగా మలచుకున్నాడు. స్పెయిన్‌లో అల్మేరియా చుట్టూ ముప్పై వేల హెక్టార్ల మేర ప్లాస్టిక్ ఇళ్లున్నాయి. 2006 చివర్లో అక్కడి క్యాప్సికంలో నిషేధించిన మందు అవశేషాలు జర్మనీలో బయటపడ్డాయి. కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. రెండు మూడు పంటకాలాల్లోనే అక్కడి క్యాప్సికం సాగు దాదాపు మొత్తం మిత్రపురుగుల దారికి మళ్లింది. మిత్రపురుగుల్ని వదిలాక అవి నిలిచాయా లేదా అన్నది వారం వారం ఆకు తిప్పి చూడకుండా తెలియదు. అంటే ఆ మార్పును మోసింది తనిఖీయే.

మన సంగతికి వద్దాం. తెలంగాణ ఏర్పడ్డాక రాష్ట్ర ప్రభుత్వం పాలీహౌస్‌కు 75 శాతం రాయితీ ఇచ్చింది. రంగారెడ్డి, వికారాబాద్ జిల్లాల్లో జెర్బెరా, కార్నేషన్, గులాబీ, చామంతి, క్యాప్సికం, కీర దోస ఇళ్లు లేచాయి. ఎకరం ఇంటికి లక్షల్లో ఖర్చు. గొట్టాలకు, ప్లాస్టిక్‌కు, వలకు, డ్రిప్‌కు, ఫాగర్లకు అంచనా వేశారు. పైరును చూసే మనిషి ఆ అంచనాల్లో లేడు. ఈలోగా కొత్త పురుగులు తోవ కనుక్కున్నాయి. దక్షిణ అమెరికాలో పుట్టిన టూటా 2006లో స్పెయిన్ చేరింది. 2014లో మహారాష్ట్రలో కనపడింది. తర్వాత తెలుగు నేలకూ వచ్చింది. 2021లో కొత్త రకం తామర పురుగు గుంటూరు, ఖమ్మం మిర్చి పూతలోకి దిగినప్పుడు, అది ఆకులో కంటే పువ్వులో గుంపుకడుతుందన్న సంగతి తెలిసేసరికే చాలా చేలు పోయాయి. పువ్వును తట్టి చూసే అలవాటు ఉన్నచోట దాని జాడ ముందుగా దొరికేది. రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఉంది. చేలో దిగి శత్రువులెన్ని, మిత్రులెన్ని, మొక్క ఎలా ఉంది అని లెక్కగట్టి అప్పుడు నిర్ణయించే పద్ధతిని ఎన్నాళ్లుగానో నేర్పుతోంది. అక్కడి పాఠం పాలీహౌస్ గుమ్మం దాటాలంటే లోపల దాన్ని పాటించే మనిషి ఒకరుండాలి.

దీని మీద వచ్చే అభ్యంతరాలు తేలిగ్గా తోసేయదగ్గవి కావు. మొదటిది, యజమాని రోజూ తిరుగుతూనే ఉంటాడు, అతనికి తెలియనిది ఏముంది అన్నది. నిజమే, పైరు మీద యజమాని ప్రేమ ఎవరికీ రాదు. అయితే అతని కన్ను మోటారు మీద, కోతకొచ్చిన పూల మీద, బండి ఎప్పుడొస్తుందన్న ఫోను మీద ఉంటుంది. నడిచే దారి పక్కన మొక్కలే రోజూ కనపడతాయి. నల్లి మొదట చేరేది మూల బెడ్డులో, ముదురాకు అడుగున. రోజూ చూసే పిల్ల పెరిగినట్టు అమ్మకు తెలియదు, నెలకోసారి వచ్చే మేనమామకు తెలుస్తుంది. పుస్తకంలో అంకెలు ఆ మేనమామ పని చేస్తాయి. యజమానే స్వయంగా చూస్తానంటే మరీ మంచిది. కాకపోతే ఆ వేళలో ఇంకో పని పెట్టుకోకూడదు.

రెండోది, వారానికోసారి మందు కొట్టేస్తే ఈ బెడద ఉండదు కదా అన్నది. తారీకు చూసి కొట్టే మందు ధైర్యాన్నిస్తుంది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ మూసిన ఇంట్లో మందు ఆవిరి త్వరగా పోదు. మర్నాడు అక్కడే చేతులతో పూలు కోసే ఆడవాళ్లు దాన్ని పీలుస్తారు. ఒకే రకం మందు మళ్లీ మళ్లీ తగిలితే తట్టుకున్న పురుగులే మిగిలి, వాటి సంతానమే ఇల్లంతా నిండుతుంది. కాయలో అవశేషం మిగిలితే ఏమవుతుందో అల్మేరియా చెప్పింది. ముందే చూసి పట్టుకుంటే రెండు బెడ్లకు కొట్టి ఊరుకోవచ్చు. మందు మానేయమని తనిఖీ చెప్పదు. ఎప్పుడు, ఎక్కడ, ఏది అన్నది మాత్రం తేల్చి చెబుతుంది.

మూడోది, జిగురు అట్టలున్నాయి, ఫోనులో ఫొటో తీస్తే రోగం పేరు చెప్పే యాప్‌లు వచ్చాయి, ఇంకా మనిషెందుకు అన్నది. పసుపు అట్టకు తెల్లదోమ, నీలి అట్టకు తామర పురుగు బాగానే చిక్కుతాయి. కానీ నల్లికి రెక్కలు లేవు. అది అట్ట దాకా ఎగిరి రాదు. నులిపురుగు మట్టిలోంచి బయటికే రాదు. అట్టలు శుభ్రంగా ఉన్నాయని నిశ్చింతగా ఉన్న ఇంట్లోనే నల్లి గూళ్లు అల్లుకుంటుంది. ఇక యాప్‌కు ఫొటో కావాలి. వేల మొక్కల్లో ఏ మొక్క, ఏ ఆకు, ఏ వైపు ఫొటో తీయాలో తెలిసిన మనిషి చేతిలోనే అది పనికొస్తుంది. పరికరం వస్తే సహాయకుడి పని సులువవుతుందే గానీ ఆ పని లేకుండా పోదు.

నాలుగోది, చిన్న రైతు ఇంకో కూలి భరించగలడా అన్నది. ఇదే అన్నిట్లో బలమైన మాట, అందుకని లెక్కలోనే జవాబు చెప్పాలి. ఎకరం క్యాప్సికం ఇంట్లో సుమారు పది వేల మొక్కలుంటాయి. నూటికొకటి చొప్పున వంద మొక్కలు, మొక్కకో నిమిషం అనుకుంటే గంటా నలభై నిమిషాలు. అట్టలు లెక్కపెట్టి రాసుకోవడానికి ఇంకో ఇరవై నిమిషాలు. వారానికి రెండుసార్లంటే నాలుగు గంటలు, అంటే సగం రోజు కూలి. ఇంటి మొత్తానికి ఒక్కసారి మందు కొట్టే ఖర్చు, అంటే డబ్బాల ధర, ఇద్దరు మనుషుల కూలి, దాని పక్కన పెట్టి చూడండి. నెలకు ఒక్క స్ప్రే తగ్గినా తనిఖీ కూలి గిట్టుబాటవుతుంది. అరెకరం రైతులైతే ఊళ్లో అయిదారుగురు కలిసి ఒకరినే పెట్టుకోవచ్చు. అప్పుడు ఆ మనిషే ఒక ఇంటి పురుగును ఇంకో ఇంటికి మోయకుండా బట్టలు, చేతులు, చెప్పులు జాగ్రత్తగా చూసుకోవాలి. ఆ క్రమశిక్షణ కూడా నేర్పులో భాగమే.

చివరిది, డిగ్రీ లేని మనిషి మాట మీద వేల రూపాయల నిర్ణయం ఎలా తీసుకుంటాం అన్నది. తీసుకోనక్కర్లేదు. సహాయకుడు రోగనిర్ధారణ చేసే డాక్టరు కాడు. జ్వరం చూసి, నాడి చూసి, చీటీ మీద రాసిపెట్టే నర్సు లాంటివాడు. తేడాగా ఉన్నదాన్ని తేడాగా ఉందని పట్టుకుని, ఆకు సంచిలో పెట్టి, ఎక్కడ తీసిందీ రాసి ఉద్యాన అధికారికి చేరవేస్తే, అక్కడి నుంచి చదువుకున్నవాళ్ల పని. ఆ పట్టుకునే కన్ను మన పాలీహౌస్‌లలో ఇప్పటికే ఉంది. రోజుకు వందల పూలు కోసే, కొమ్మలు తుంచే ఆడకూలీల చేతుల మీదుగా వెళ్లినన్ని ఆకులు ఏ అధికారి చేతిమీదుగానూ వెళ్లవు. వాళ్లకు కనపడుతుంది. అడిగేవాళ్లు లేక, చెబితే కోత ఆగిందని విసుక్కుంటారేమోనని ఊరుకుంటారు. వాళ్లలో ఒకరికి భూతద్దం, పుస్తకం, వారానికి నాలుగు గంటల కూలి ఇచ్చి, మందు కొట్టిన రోజు లోపలికి పంపకుండా చూసుకుంటే, ఈ ఉద్యోగానికి మనిషి దొరికినట్టే.

అయినా ఈ పనికో చిక్కుంది, దాన్ని దాచకూడదు. బాగా జరిగిన తనిఖీకి చూపించుకోవడానికి ఏమీ మిగలదు. మందు కొట్టినవాడి వెనక తడిసిన ఆకులుంటాయి, పూలు కోసినవాళ్ల వెనక బకెట్లు నిండుతాయి. చూసినవాళ్ల పుస్తకంలో మాత్రం చాలా రోజులు '7వ బెడ్డు, సున్న. 8వ బెడ్డు, సున్న' అనే ఉంటుంది. సున్నలు రాసిన దానికి కూలి ఇవ్వాలా అని యజమానికి అనిపించడం సహజం. ఇవ్వాలి. ఎందుకంటే 9వ బెడ్డు దగ్గర ఒకరోజు సున్న బదులు 3 అని పడినప్పుడు, ఆ 3 ఇవాళ్టిదే అని, నెల కిందటిది కాదని చెప్పగలిగేవి ముందు రాసిన ఆ సున్నలే.